దామాషా పద్ధతిలో నగర కౌన్సిల్ ఎన్నిక: అంకెలు ఎలా వేయాలి, లెక్క ఎలా చూడాలి

బ్యాలెట్ పేపర్ చేతికి వచ్చింది. ఇరవై దాకా పేర్లు, ప్రతి పేరు ఎదురుగా వరుసగా గళ్లు. ఒక గుర్తు చూసి, ఒక్క చోట ఓటు వేసి బయటికి వచ్చేసే అలవాటున్నవాళ్లకు ఇక్కడే టెన్షన్ మొదలవుతుంది. ఇంతమందికీ అంకెలు వేయాలా? ఎక్కడైనా తప్పు పడితే ఓటు చెల్లకుండా పోతుందా? రెండో అంకె ఇంకొకరికి ఇస్తే, మనకు బాగా నచ్చిన మనిషికి నష్టమా?

మూడో భయం అక్కర్లేదు. రెండోది కొంచెం జాగ్రత్త పడితే తీరిపోతుంది. మొదటిదానికి జవాబు చాలా నగరాల్లో మీ ఇష్టమే, కానీ వేయగలిగినన్ని వేయమనే నేను చెబుతాను. ఎందుకో కింద లెక్కతో సహా చూపిస్తాను.

ముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. మీరు ఎన్ని అంకెలు వేసినా మీ ఓటు ఒక్కటే. ఆ అంకెలు ఆ ఒక్క ఓటుకు మీరు రాసిచ్చే దారి. మొదటి ఇంటి తలుపు తీయకపోతే రెండో ఇంటికి వెళ్లు, అక్కడ ఇప్పటికే నిండిపోయి ఉంటే మూడో ఇంటికి వెళ్లు అని చెప్పి పంపడం లాంటిది.

మీ నగరంలో ఏ పద్ధతో ముందు తెలుసుకోండి

దామాషా అంటే వచ్చిన ఓట్ల నిష్పత్తిలో సీట్లు రావడం. దాన్ని సాధించడానికి రెండు పెద్ద దారులున్నాయి. ఒకటి జాబితా పద్ధతి. ఆమ్‌స్టర్‌డామ్‌లో కౌన్సిల్‌కు 45 సీట్లు. అక్కడ పార్టీలు జాబితాలు పెడతాయి, ఓటరు ఒక జాబితాలో ఒక పేరును ఎంచుకుంటాడు, అంతటితో ఓటరు పని అయిపోతుంది. మీది అలాంటి నగరమైతే ఈ వ్యాసంలో సగం మీకు అవసరం పడదు.

రెండోది ప్రాధాన్య ఓటు పద్ధతి, అంటే ఒకే బదిలీ ఓటు. 1, 2, 3 అంటూ అంకెలు వేసేది ఇదే. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని కేంబ్రిడ్జ్ 1941 నుంచి తన కౌన్సిల్‌ను ఇలాగే ఎన్నుకుంటోంది. నగరమంతా ఒకే నియోజకవర్గం, తొమ్మిది సీట్లు, రెండేళ్లకోసారి ఎన్నిక. ఆరెగాన్‌లోని పోర్ట్‌లాండ్ 2022లో ప్రజల ఓటుతో దీన్ని తెచ్చుకుని, 2024లో మొదటిసారి అమలు చేసింది. నాలుగు డిస్ట్రిక్టులు, ఒక్కోదాని నుంచి ముగ్గురు, మొత్తం పన్నెండు మంది. ఐర్లండ్ స్థానిక సంస్థలన్నిటిలో ఇదే పద్ధతి. స్కాట్లండ్ కౌన్సిళ్లు 2007లో దీనికి మారాయి.

మారడం వల్ల ఏం తేడా వచ్చిందో చూడాలంటే గ్లాస్గో చాలు. 2003లో వార్డుకు ఒక్కరే గెలిచే పాత పద్ధతిలో జరిగిన ఎన్నికలో లేబర్ పార్టీకి సగం లోపే ఓట్లు వచ్చాయి, సీట్లు మాత్రం 79లో 71. ప్రశ్నించేవాళ్లు సభలో దాదాపు లేరనే చెప్పాలి. 2007లో ప్రాధాన్య ఓటుతో అదే పార్టీ 45 దగ్గర ఆగింది. అప్పటికీ పెద్ద పార్టీ అదే, మెజారిటీ కూడా దానిదే. కాకపోతే మిగతా ఓటర్లకు కూడా సభలో తమ మనుషులు కనిపించారు. ఈ పద్ధతి మీద నాకున్న అభిమానానికి కారణం ఇదే: పెద్దవాళ్లను కూలదోయకుండానే చిన్నవాళ్లకు చోటిస్తుంది.

కోటా ఎంతో లెక్కేయండి

గెలవడానికి కావలసిన ఓట్ల సంఖ్యను కోటా అంటారు. చెల్లిన ఓట్లను, సీట్ల సంఖ్యకు ఒకటి కలిపి వచ్చిన సంఖ్యతో భాగించండి. శేషం వదిలేసి ఒకటి కలపండి. మూడు సీట్లు, 100 ఓట్లు అనుకుంటే, 100ను 4తో భాగిస్తే 25, ఒకటి కలిపితే 26. తొమ్మిది సీట్లు, 20,000 ఓట్లు అయితే 2,001.

ఈ లెక్కను 1868లో హెన్రీ డ్రూప్ అనే ఇంగ్లిష్ న్యాయవాది సూచించాడు. 26 తలో ముగ్గురికి వస్తే 78. మిగిలినవి 22 మాత్రమే, కాబట్టి నాలుగో మనిషి ఎంత తన్నుకున్నా 26 అందుకోలేడు. అంటే సీట్లకు మించి ఎవరూ గెలవరు. అంతకంటే పెద్ద కోటా పెట్టాల్సిన పని లేదు, చిన్నది పెడితే లెక్క తప్పుతుంది.

మీరు ఓటరుగా దీన్నుంచి గ్రహించాల్సింది ఒకటుంది. తొమ్మిది సీట్ల నగరంలో పదో వంతు ఓటర్లు ఒక్క మాట మీద ఉంటే ఒక మనిషిని సభకు పంపగలరు. అద్దె ఇళ్లవాళ్లు కావచ్చు, సైకిల్ మీద తిరిగేవాళ్లు కావచ్చు, వాళ్లంతా ఒకే పేటలో ఉండాల్సిన పని కూడా లేదు. న్యూయార్క్ నగరం 1937 నుంచి 1945 దాకా ఐదు ఎన్నికలు ఈ పద్ధతిలో జరిపింది. ఆ కౌన్సిల్‌లోకి మొట్టమొదటి నల్లజాతి సభ్యుడిగా ఆడమ్ క్లేటన్ పావెల్ జూనియర్ వెళ్లింది 1941లో, ఈ పద్ధతిలోనే.

ఇంటి దగ్గరే మీ వరుస రాసుకోండి

పోలింగ్ బూత్‌లో నిలబడి ఇరవై మందిని పోల్చడం ఎవరివల్లా కాదు. ముందు రోజే ఒక కాగితం తీసుకుని మూడు గుంపులు చేయండి: తప్పకుండా కావాలి, వచ్చినా ఫర్వాలేదు, అసలు వద్దు. మొదటి గుంపులో ఇద్దరు ముగ్గురి కంటే ఎక్కువ ఉండరు. వాళ్లను వరుసలో పెట్టడం సులువే. అసలు కష్టం రెండో గుంపు. అక్కడ మీరే ఒక ప్రశ్న వేసుకోండి: "నాకిష్టమైన వాళ్లెవరూ మిగల్లేదు, చివరి సీటు కోసం వీళ్లిద్దరే పోటీలో ఉన్నారు, ఎవరు కావాలి?" జంటలు జంటలుగా ఇలా పోలుస్తూ పోతే వరుస దానంతటదే తేలుతుంది.

మూడో గుంపుకు అంకె వేయకండి. వేయకపోవడమే మీ అభిప్రాయం. ఉన్న పేర్లన్నిటికీ అంకెలు వేస్తేనే ఓటు చెల్లుతుందనే నిబంధన కొన్ని చోట్ల ఉంటుంది. అక్కడైతే వాళ్లను అట్టడుగున పెట్టండి.

పోర్ట్‌లాండ్‌లో ఆరుగురి దాకే అంకెలు వేయవచ్చు. అలాంటి పరిమితి ఉన్నచోట చివరి రెండు అంకెల్ని నిజంగా గెలిచే అవకాశం ఉన్నవాళ్లకు దాచుకోండి. ఆరుగురూ మొదటి రౌండ్లలోనే పోతే మీ ఓటు ఆట మధ్యలోనే ఆగిపోతుంది.

పేర్ల క్రమం విషయంలో కొంచెం జాగ్రత్త. అక్షర క్రమంలో అచ్చయిన బ్యాలెట్ మీద పైన ఉన్న పేరుకు కాస్త ఎక్కువ మొగ్గు ఉంటుంది. ఒకే పార్టీ నుంచి ఇద్దరు నిలబడితే జనం పైవాడికి 1, కిందివాడికి 2 వేసేస్తారు. ఆస్ట్రేలియాలోని తాస్మానియా రాష్ట్రంలో ఈ బెడద తప్పించడానికి పేర్ల క్రమం మార్చి మార్చి బ్యాలెట్లు అచ్చు వేస్తారు. మీ ఊళ్లో ఆ ఏర్పాటు లేకపోతే, ఇంటి దగ్గర రాసుకున్న చీటీయే మీకు రక్ష.

"వాడు ఎలాగూ గెలుస్తాడు" అనే లెక్క వేయకండి

నాకు బాగా బాధ కలిగించే తప్పు ఇది. "మన మనిషికి ఎలాగూ బోలెడు ఓట్లు పడతాయి, నా ఒకటో అంకె ఇంకొకరికి ఇద్దాం" అని ఆలోచించేవాళ్లు ప్రతి ఎన్నికలో ఉంటారు. ఆ ఆలోచన ఒకేసారి ఐదొందల మందికి వస్తే, గెలుస్తాడనుకున్న మనిషి మొదటి రౌండులో వెనకబడతాడు. అసలు అలా ఆలోచించాల్సిన అవసరమే ఈ పద్ధతిలో లేదు. ఆయనకు కోటాకు మించి వస్తే ఆ మిగులు వృథా పోదు, మీరు రాసిన రెండో పేరుకు వెళ్తుంది. మీ మనసులో మొదట ఉన్నవాళ్లకే 1 వేయండి.

దీనికి రెండో వైపు: మీ రెండో అంకెను ఎప్పుడు చూస్తారు? మీ మొదటి మనిషి గెలిచేసి మిగులు పంచుతున్నప్పుడు, లేదా ఓడిపోయి పోటీ నుంచి తప్పుకున్నప్పుడు. రెండు సందర్భాల్లోనూ ఆయన సంగతి అప్పటికే తేలిపోయింది. కాబట్టి రెండో అంకె ఆయనకు చెరుపు చేయలేదు. "నాకు ఒక్కటే వేయండి, ఇంకెవరికీ వేయకండి" అని ఏ అభ్యర్థి అడిగినా, అది ఆయనకు లాభం లేని మాట, మీకు మాత్రం నష్టం.

బ్యాలెట్ నింపేటప్పుడు

1 అనే అంకె కచ్చితంగా ఒక్కరికే ఉండాలి. మిగతా తప్పులకు ఒక్కో నగరంలో ఒక్కో నిబంధన. ఐర్లండ్‌లో 1, 2 వేసి 3 మరిచిపోయి 4 వేశారనుకోండి, మీ ఓటు 2 దాకా నడిచి అక్కడ ఆగిపోతుంది. కేంబ్రిడ్జ్‌లో అదే తప్పు చేస్తే ఖాళీని దాటుకుని తర్వాతి అంకెకు వెళ్తుంది. ఇద్దరికి ఒకే అంకె వేస్తే కేంబ్రిడ్జ్‌లో ఆ స్థానంలో ఇద్దర్నీ లెక్కలోకి తీసుకోరు. ఒకే మనిషికి 1, 2, 3 మూడూ ఇచ్చినంత మాత్రాన మూడు ఓట్లు కావు. ఒకటో అంకె మాత్రమే పనిచేస్తుంది, మిగతా రెండు గళ్లూ వృథా.

గళ్లు నింపే బ్యాలెట్ అయితే అడ్డం, నిలువు రెండూ సరిచూసుకోండి. అడ్డంగా చూస్తే ఒక పేరుకు ఒకే గుర్తు, నిలువుగా చూస్తే ఒక అంకెకు ఒకే గుర్తు. ఇలా చూడడానికి అర నిమిషం పడుతుంది. తప్పు కనిపిస్తే కొట్టివేతలు చేయకుండా అక్కడి సిబ్బందిని కొత్త బ్యాలెట్ అడగండి. మొహమాటం అక్కర్లేదు.

వంద చీటీలతో ఇంట్లో లెక్క చేసి చూడండి

ఎన్ని వివరణలు చదివినా నాకు ఈ పద్ధతి ఒంటబట్టలేదు. వంద చీటీలు కోసి, టేబుల్ మీద పరిచి, చేత్తో కట్టలు కట్టినప్పుడే అర్థమైంది. మీరూ ఒక సాయంత్రం చేసి చూడండి. నలుగురు కూర్చుంటే గంటలో అయిపోతుంది.

ఐదుగురు అభ్యర్థులు, మూడు సీట్లు అనుకుందాం. పేర్లకు బదులు గుర్తులు: గొడుగు, చెట్టు, గడియారం, పడవ, నిచ్చెన. కోటా 26. టేబుల్ మీద ఐదు గుర్తులు రాసిన ఐదు కాగితాలు పెట్టి, ఒక్కో చీటీని దానిమీద 1 ఎవరికుంటే ఆ కాగితం మీద వేయండి. ఇలా వచ్చిందనుకుందాం: గొడుగు 39, చెట్టు 22, గడియారం 18, పడవ 12, నిచ్చెన 9.

గొడుగు కోటా దాటింది, గెలిచింది. దానికి 26 చాలు, 13 మిగులు. ఇప్పుడు ఆ 39 చీటీలనూ తిరగేసి రెండో అంకె ఎవరికుందో చూడండి. పడవకు 24, గడియారానికి 9, చెట్టుకు 6. కానీ 39 ఓట్లూ బదిలీ కాకూడదు, 13 మాత్రమే వెళ్లాలి. 39లో 13 అంటే మూడో వంతు. కాబట్టి ఒక్కో చీటీ విలువ మూడో వంతు: పడవకు 8, గడియారానికి 3, చెట్టుకు 2. కలిపితే 13, సరిపోయింది.

ఇక్కడ చాలామంది ఒక ప్రశ్న వేస్తారు: "ఏ 13 చీటీలు తీస్తారు? అదృష్టం కాదా?" మంచి ప్రశ్న. పోర్ట్‌లాండ్‌లో పైన చేసినట్టే అన్ని చీటీలనూ భిన్నం విలువతో పంపుతారు, అదృష్టానికి తావు లేదు. కేంబ్రిడ్జ్ పాత పద్ధతిని పట్టుకుని ఉంది: కట్టలో ప్రతి మూడో చీటీని పూర్తి ఓటుగా తీసి పంపుతారు. చీటీల వరుసను బట్టి ఒకటి అరా తేడా రావచ్చు. నాకైతే భిన్నాల పద్ధతే న్యాయంగా తోస్తుంది. చేత్తో లెక్కపెట్టే రోజుల్లో ఓట్లు విడగొట్టకుండా మొత్తం చీటీలే పంపడం ఎంత సులువో, టేబుల్ ముందు కూర్చున్నాక మీకూ తెలుస్తుంది. రెండు పద్ధతుల్లోనూ ఒకసారి చేసి, ఫలితం ఎంత తేడా వస్తుందో చూడండి.

రెండో రౌండు తర్వాత: గొడుగు 26, చెట్టు 24, గడియారం 21, పడవ 20, నిచ్చెన 9. ఇంకెవరూ కోటా చేరలేదు. అందరికంటే కింద ఉన్న నిచ్చెన పోటీ నుంచి తప్పుకుంటుంది. దాని 9 చీటీలనూ పూర్తి విలువతో పంచండి. పడవకు 5, చెట్టుకు 1, గడియారానికి 1. మిగతా రెండు చీటీల మీద 1 తప్ప వేరే అంకె లేదు. వాటిని పక్కన పెట్టేయండి. ఆ రెండు కాగితాలు చేతిలో పట్టుకున్నప్పుడు మనసు కాస్త చివుక్కుమంటుంది. పోలింగ్‌కు వచ్చి, వరుసలో నిలబడి ఓటు వేసిన ఇద్దరు మనుషులు, అసలు పోటీ జరిగే వేళకు బయట ఉండిపోయారు. వేయగలిగినన్ని అంకెలు వేయమని మొదట్లో చెప్పింది ఇందుకే.

ఇప్పుడు చెట్టు 25, పడవ 25, గడియారం 22. ఇంకా రెండు సీట్లున్నాయి, ముగ్గురున్నారు. అడుగున ఉన్న గడియారం తప్పుకుంటే ఇద్దరే మిగులుతారు. సీట్లూ రెండే కాబట్టి కోటా అందకపోయినా చెట్టు, పడవ గెలిచినట్టే.

మొదటి రౌండు కాగితం మళ్లీ చూడండి. అప్పుడు గడియారానికి 18, పడవకు 12. చివరికి గెలిచింది పడవ. "తక్కువ ఓట్లు వచ్చినవాడు గెలవడమేంటి?" అని మీ పక్కవాళ్లు తప్పకుండా అంటారు. గొడుగు, పడవ ఒకే ఆలోచన ఉన్న జట్టు అనుకోండి. ఇద్దరికీ కలిపి మొదటి అంకెలు 51. వందలో 51 మంది కోరుకున్న జట్టుకు మూడింట రెండు సీట్లు వచ్చాయి. మొదటి రౌండులో పైన ఉన్న ముగ్గురినే తీసుకుని ఉంటే ఆ 51 మందికి ఒక్క సీటే దక్కేది, వాళ్లు గొడుగు మీద ఎక్కువగా పోగుపడ్డారన్న ఒక్క కారణంతో. అలాగని ప్రతి ఓటరుకూ మూడేసి ఓట్లిచ్చి ఎక్కువ వచ్చిన ముగ్గురినీ తీసుకునే పద్ధతి పెట్టారనుకోండి, ఆ 51 మంది ముగ్గురిని నిలబెట్టి కట్టుగా ఉంటే మూడు సీట్లూ పట్టుకుపోయేవాళ్లు, 49 మందికి సున్నా.

కౌంటింగ్ రోజు ఏం చూడాలి

ఫలితం ఆలస్యమైతే కంగారు పడకండి. కేంబ్రిడ్జ్‌లో 1997లో కంప్యూటర్ లెక్క వచ్చేదాకా, చేత్తో లెక్కించడానికి సుమారు వారం పట్టేది. అంతా తెరిచిన హాలులో, అందరి కళ్ల ముందే జరిగేది. ఇప్పుడు అనధికార ఫలితం త్వరగానే వస్తుంది, కాని పోస్టులో వచ్చిన బ్యాలెట్లు, చేత్తో సరిచూడాల్సిన బ్యాలెట్లు కలిశాకే అసలు లెక్క తేలుతుంది. ఆఖరి సీటు తేడా కొన్ని పదుల ఓట్లే కావచ్చు, ఆ కాసిని బ్యాలెట్లతో వరుస మారిపోవచ్చు.

రౌండ్ల వారీ పట్టిక విడుదల చేస్తారు. దాన్ని ఎడమ నుంచి కుడికి చదవండి. మొదటి నిలువు వరుసలో మొదటి అంకెలు. ఆ తర్వాత ప్రతి రౌండుకూ రెండు సంఖ్యలు: ఎన్ని కలిశాయి, మొత్తం ఎంతైంది. ఒకరు తప్పుకున్నప్పుడు వాళ్ల ఓట్లు ఎటు వెళ్లాయో చూస్తే, మీ నగరంలో ఎవరి ఓటర్లు ఎవరితో కలుస్తారో తెలుస్తుంది. పత్రికల విశ్లేషణ కంటే ఇదే ఎక్కువ చెబుతుందని నా నమ్మకం. కేంబ్రిడ్జ్ పట్టికలో రెండో రౌండులోనే చాలామంది ఒకేసారి మాయమైతే ఆశ్చర్యపోకండి. మొదటి అంకెలు 50 కంటే తక్కువ వచ్చినవాళ్లను అక్కడ ఒక్కసారే తప్పిస్తారు.

పట్టిక అడుగున బదిలీ కాని ఓట్లని ఒక వరుస ఉంటుంది. మీరు టేబుల్ మీద పక్కన పెట్టిన ఆ రెండు చీటీలే ఇవి, నగరమంత పెద్దవి. సీట్ల ఫలితం చూశాక తప్పకుండా ఆ సంఖ్య కూడా చూడండి. అది బాగా పెద్దగా ఉంటే, వచ్చే ఎన్నికకు ముందు మీ వీధిలో నలుగురిని కూర్చోబెట్టి వంద చీటీల లెక్క చూపించాల్సిన అవసరం ఉన్నట్టే.

ఎన్నికైనవాళ్లు మధ్యలో వెళ్లిపోతే

ఒక కౌన్సిలర్ రాజీనామా చేస్తే ఐర్లండ్‌లో కౌన్సిలే ఒకరిని చేర్చుకుంటుంది. స్కాట్లండ్‌లో ఉప ఎన్నిక పెడతారు. కేంబ్రిడ్జ్‌లో మాత్రం కొత్తగా ఓటు వేయించరు. వెళ్లిపోయిన కౌన్సిలర్‌ను గెలిపించిన బ్యాలెట్లను బయటికి తీసి, వాటిమీద తర్వాతి అంకెలు ఎవరికున్నాయో మళ్లీ లెక్కిస్తారు. అంటే నవంబరులో మీరు వేసిన నాలుగో అంకె, ఏడాది తర్వాత ఒక మనిషిని సభలో కూర్చోబెట్టవచ్చు.